ఆదివారం స్కిల్స్ రైడ్ మొదలుపెడుతున్నాం (నార్సింగి, ఓఆర్‌ఆర్ అంటే ఔటర్ రింగ్ రోడ్డు సైకిల్ ట్రాక్) – సలహాలు కావాలి

నార్సింగి రైడర్ · ఆదివారం, రాత్రి 8:10

అందరికీ నమస్తే. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి వారం వారం ఒక గ్రూప్ రైడ్ పెడదామని నలుగురం అనుకున్నాం. హైదరాబాద్‌లో రైడ్‌లకి కొదవ లేదు. కాకపోతే చాలావాటిలో 40, 50 కి.మీ. తొక్కడమే లెక్క. కొత్తగా సైకిల్ కొన్నవాళ్ళు రెండో వారానికే వెనకబడి, మూడో వారానికి రావడం మానేస్తారు. వాళ్ళకి దమ్ము లేక కాదు. చెయ్యి వదిలి సిగ్నల్ ఇవ్వడం, గేరు ఎప్పుడు మార్చాలో, ముందువాళ్ళకి ఎంత దూరంలో తొక్కాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల. ఆ పనులు నేర్పడానికే ఈ రైడ్.

చోటు: ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్, నార్సింగి వైపు. 2023 అక్టోబర్‌లో తెరిచిన 23 కి.మీ. ట్రాక్‌లో నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కి.మీ., నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కి.మీ. వెడల్పు 4.5 మీటర్లు. బండ్ల గొడవ లేదు, ఎండా పెద్దగా తగలదు.

20 మంది దాకా రావచ్చు. ఎంతసేపు, ఎంత దూరం, ఏ వారం ఏం నేర్పాలి, ఎక్కడ తేడా కొడుతుంది? నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

వెనకచక్రం · ఆదివారం, రాత్రి 9:02

మంచి పని. మొదటి మాట: 20 మందిని ఒకే గుంపుగా తీసుకెళ్ళకండి. ఒక గుంపుకి 12 మంది హద్దు. అందులో ముగ్గురు తెలిసినవాళ్ళు ఉండాలి: ముందు ఒకరు, మధ్యలో ఒకరు, చివర ఒకరు. అంటే నేర్చుకునేవాళ్ళు 9 మందే. 20 మంది వస్తే రెండు గుంపులు చేసి, మధ్య 3 నిమిషాల తేడాతో వదలండి. రెండో గుంపుకి ముగ్గురు లేకపోతే ఆ వారం పేర్లు 12 దగ్గర ఆపేయండి. మొహమాటపడి ఒప్పుకుంటే నష్టపోయేది చివర తొక్కే కొత్తవాళ్ళే.

రెండో మాట: ట్రాక్ మీద డ్రిల్స్ పెట్టకండి. 4.5 మీటర్లలో ఇటూ అటూ వేరేవాళ్ళు వెళ్తుంటారు. పిల్లలుంటారు, అద్దె సైకిళ్ళవాళ్ళుంటారు. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న సిమెంటు నేల ఒకటి వెతకండి. స్కూల్ ఆవరణ కావచ్చు, ఆదివారం ఖాళీగా ఉండే ఆఫీసు పార్కింగ్ కావచ్చు. అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. నేల దొరక్కపోతే రైడ్ మొదలుపెట్టడం నెల వాయిదా వేసినా ఫర్వాలేదు, ఎందుకంటే అసలు నేర్చుకోవడం అంతా అక్కడే జరుగుతుంది.

మొత్తం రెండు గంటలు. 10 నిమిషాలు సైకిళ్ళు చూసుకోవడం, 40 నిమిషాలు నేల మీద, గంట ట్రాక్ మీద, చివర 10 నిమిషాలు మాట. ట్రాక్ మీద 12 కి.మీ. చాలు, 6 వెళ్ళి 6 వెనక్కి. నేల మీద ఏం నేర్పారో దాన్నే ట్రాక్ మీద చేయించాలి. వారానికి ఒక్కటే విషయం. రెండు పెడితే రెండూ సగం సగం మిగులుతాయి.

సమయం మాత్రం ఏడాదంతా ఒకటే పెట్టకండి. ఇక్కడ జూన్‌లో 5:45 కల్లా సూర్యోదయం, జనవరి నడుమ 6:50 దగ్గర. ఎండాకాలం 5:30కి, చలికాలం 6:30కి కలుసుకుంటే సరిపోతుంది.

---

ఫ్లాట్‌పెడల్ · ఆదివారం, రాత్రి 9:40

నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి ఒక ప్రశ్న. వెనక్కి తిరిగి చూస్తే సైకిల్ కుడివైపు వెళ్ళిపోతుంది. చెయ్యి తీస్తే హ్యాండిల్ ఊగుతుంది. ఇలాంటివాళ్ళని నేరుగా ట్రాక్ మీదకి తీసుకెళ్తారా, లేక ముందు వేరే క్లాసు ఉంటుందా?

---

బ్రేక్‌ప్యాడ్ · ఆదివారం, రాత్రి 10:25

@ఫ్లాట్‌పెడల్ గారూ, వేరే క్లాసు అక్కర్లేదు. నేల మీది 40 నిమిషాలు అందుకే. వరసగా చెప్తాను.

గీతలకి ముగ్గుపిండి వాడండి. సుద్దముక్క కంటే బాగా కనిపిస్తుంది, ఊడ్చేస్తే పోతుంది, అద్దె ఇవ్వక్కర్లేదు. మలుపుల కోసం పాత టెన్నిస్ బంతులు సగానికి కోసి బోర్లించండి, 12 బంతులకి 24 గుర్తులు వస్తాయి. చక్రం ఎక్కినా పడరు. రాళ్ళు, ఇటుకలు, నీళ్ళ సీసాలు పెట్టకండి.

మొదటిది నెమ్మదిగా తొక్కడం. బళ్ళో పెట్టే స్లో సైకిల్ పందెమే. 10 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు దారి. కాలు కింద పెట్టకుండా 10 సెకన్లు పట్టాలి, తర్వాత 15. గేరు తేలికది పెట్టి, వెనక బ్రేకు కొద్దిగా పట్టి ఉంచి, పెడల్ మీద ఒత్తిడి ఆపకుండా వెళ్ళమనండి. చాలామంది పెడల్ ఆపేసి హ్యాండిల్‌తో నిలబడాలని చూస్తారు, అందుకే పడిపోతారు. ముందు చక్రం వైపు చూస్తే ఇంకా త్వరగా పోతారు. చూపు గీత చివర ఉండాలి.

తర్వాత వెనక్కి చూడటం. మనం ఎడమవైపు తొక్కుతాం కాబట్టి కుడి భుజం మీదుగా చూడటమే ప్రాణం. 20 మీటర్ల గీత, రెండు పక్కలా కలిపి 60 సెం.మీ. వెడల్పు. వెనక ఒకరు నిలబడి వేళ్ళు చూపిస్తారు, తొక్కేవాళ్ళు ఎన్ని వేళ్ళో చెప్పాలి, గీత దాటకూడదు. సైకిల్ కుడికి పోవడానికి కారణం ఇది: మోచేతులు బిగిస్తే తలతో పాటు భుజం తిరుగుతుంది, భుజం చేతిని లాగుతుంది, చెయ్యి హ్యాండిల్‌ని లాగుతుంది. మోచేతులు వంచి, గడ్డం భుజానికి ఆనించేలా తలొక్కటే తిప్పమనండి. అయినా పోతుంటే కుడి చెయ్యి తీసి తొడ మీద పెట్టుకుని చూడమనండి, వెంటనే తేడా తెలుస్తుంది. ఒక్క చేత్తో తొక్కడం రానివాళ్ళు ముందు వేళ్ళు వదులు చేయడం, తర్వాత అరచెయ్యి అంగుళం పైకెత్తడం, ఆ తర్వాత తొడ మీదకి. మూడు మెట్లు. సగటున రెండు ఆదివారాలు పట్టినా తొందరపెట్టకండి.

మూడోది బ్రేకు. ఇక్కడ ఒక హెచ్చరిక. మన దగ్గర అమ్మే చాలా సైకిళ్ళకి కుడి లివర్ ముందు బ్రేకు. కొన్నింటికి, ముఖ్యంగా బయటి దేశం నుంచి తెచ్చుకున్నవాటికి, ఎడమది ముందు బ్రేకు. డ్రిల్ మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరూ సైకిల్ నడిపిస్తూ ఒక్కో లివర్ నొక్కి ఏది ఏదో నోటితో చెప్పాలి. "కుడిది గట్టిగా పట్టండి" అని అందరికీ ఒకే మాట చెప్పడం పెద్ద పొరపాటు.

ఆగే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. భయంతో వెనకది ఒక్కటే పట్టేవాళ్ళకి చక్రం జారుతుంది, సైకిల్ ఆగదు. ముందుది ఒక్కసారిగా పట్టి చేతులు సడలిస్తే ఒళ్ళు హ్యాండిల్ మీదకి వస్తుంది. నేర్పే పద్ధతి: రెండు పెడల్స్ సమానం చేసి, పిరుదులు సీటు వెనక్కి జరిపి, చేతులు నేలకి ఎదురు తోస్తున్నట్టు పెట్టి, రెండు బ్రేకులూ కలిపి పిండుతూ పెంచాలి. 10 కి.మీ. వేగంతో మొదలుపెట్టి 20 దాకా.

లెక్క కూడా నేల మీద గీసి చూపించండి. గంటకి 20 కి.మీ. అంటే సెకనుకి 5.6 మీటర్లు. చూసి చేతులు కదిలేసరికి ఒక సెకను పోతుంది, ఆ తర్వాత మంచి బ్రేకులు, పొడి నేల అయితే ఇంకో 3 మీటర్లు. దగ్గరదగ్గర 9 మీటర్లు. అదే 30 కి.మీ. దగ్గర 15 మీటర్లు దాటుతుంది. ముగ్గుతో ఆ రెండు గీతలూ గీసి పక్కన నిలబడమంటే, ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

---

చైన్‌స్లిప్ · సోమవారం, ఉదయం 7:15

సైకిల్ చూసుకోవడానికి 10 నిమిషాలు అన్నారు కదా, అందులో ఏం చూడాలో రాస్తున్నా. ఇది ప్రతివారం ఒకే వరసలో చెయ్యాలి, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా. వరస మారితే ఏదో ఒకటి మర్చిపోతారు.

ముందు చక్రం: క్విక్ రిలీజ్ లివర్ (స్పానర్ లేకుండా చక్రం ఊడదీసే పిడి) మూస్తుంటే అరచేతిలో అచ్చు పడేంత బిగువు ఉండాలి. నట్లున్న చక్రమైతే 15 ఎంఎం స్పానర్‌తో చూడండి. చక్రం పైకెత్తి తిప్పి, బ్రేకు ప్యాడ్ రిమ్ముకే తగులుతోందా, టైరుకి రాసుకుంటోందా చూడండి. టైరుకి తగిలే ప్యాడ్ ఒకే రైడ్‌లో టైరు పక్కగోడ కోసేస్తుంది. తర్వాత ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్ టక్ అంటే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులు. దాంతో రైడ్‌కి రానివ్వకండి, లేదా అక్కడే బిగించండి: ముందు స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) పక్క బోల్టులు వదులు చేసి, పై మూత బోల్టు కొద్దిగా బిగించి, మళ్ళీ పక్క బోల్టులు. చాలా స్టెమ్‌ల మీద 5 న్యూటన్ మీటర్లు (బిగువు కొలత) అని రాసి ఉంటుంది, అంతకు మించకండి.

గాలి. 70 కిలోల మనిషికి నేనిచ్చే అంకెలు: 25 ఎంఎం టైరుకి 85, 28కి 72, 32కి 58, ఎంటీబీ (మౌంటెన్ బైక్) 2.1 అంగుళాలకి 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ఇవి వెనక చక్రానివి. ముందు దానికి ఓ 5 తక్కువ. బరువు ఎక్కువైతే పెంచాలి, ఏదైనా టైరు మీద రాసిన గరిష్ఠం దాటొద్దు. బొటనవేలితో నొక్కి చూసేది 60కీ 90కీ తేడా చెప్పదు. గేజి ఉన్న ఫ్లోర్ పంపు గ్రూపుకి ఒక్కటి కొనండి, అన్నింటికన్నా ముందు కొనాల్సింది అదే.

సీటు ఎత్తు. కొత్తవాళ్ళలో ఎక్కువమందిది బాగా కిందికి ఉంటుంది, నేల అందాలని. అందుకే మోకాళ్ళ ముందు నొప్పి. గోడ పట్టుకుని కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పితే కాలు నిటారుగా రావాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే సరైన ఎత్తు. ఒకేసారి 5 సెం.మీ. పెంచితే భయపడతారు. వారానికి ఒక సెం.మీ. పెంచండి. పైపు మీద చెక్కిన కనీస గుర్తు బయటికి కనిపించకూడదు.

చైను అరుగుదల నెలకోసారి చూస్తే చాలు. కొత్త చైనులో 12 జతల లింకులు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టి కొలిస్తే 12 అంగుళాల మీద ఒక అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే మార్చేయాలి. ఇంకా సాగదీస్తే పళ్ళచక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది.

---

వెనకచక్రం · సోమవారం, ఉదయం 8:05

@చైన్‌స్లిప్ చెప్పినవన్నీ సరైనవే, కానీ ప్రతి ఆదివారం సీటు ఎత్తు, చైను కొలత కూడా పెడితే 10 నిమిషాలు 40 అవుతుంది. మొదటి వారం ఒక్కసారి పూర్తిగా చేయండి. ఆ తర్వాత ప్రతివారం గాలి, బ్రేకులు, చక్రాల బిగువు, ఈ మూడే. ఎవరి సైకిల్ వాళ్ళే చూసుకోవాలి, పక్కనున్నవాళ్ళు సరిచూడాలి. లీడర్ చూసిపెడితే వాళ్ళకి ఎప్పటికీ రాదు.

---

ఉప్పుగాలి · సోమవారం, మధ్యాహ్నం 1:30

వైజాగ్ నుంచండి. ఇక్కడ ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు తొక్కేవాళ్ళకి ఇంకో రకం సంగతులు. మా దగ్గర మీకంటే దాదాపు 20 నిమిషాల ముందే తెల్లారుతుంది, కాబట్టి ఐదింటికే కలుసుకోవచ్చు.

గాలి విషయం నేర్పడానికి బీచ్ రోడ్డుని మించింది లేదు. వానాకాలం నైరుతి గాలి కాబట్టి భీమిలి వెళ్ళేటప్పుడు వీపు మీద తోస్తుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. వెళ్ళేటప్పుడు 26, 28 వేగం చూసి అందరూ పొంగిపోయి భీమిలి దాకా వెళ్ళిపోతారు. తిరుగు ప్రయాణంలో ఋషికొండ ఎత్తులు దాటేసరికి సగంమంది అయిపోతారు. గాలి తోసే రోజు వెళ్ళే దూరం మూడో వంతు తగ్గించుకోవాలి. మీ ట్రాక్ మీద కూడా మొదటి 500 మీటర్లలో గాలి ఎటుందో చూసుకోండి.

రెండు చోట్ల జారుతుంది: రోడ్డు మీదకి కొట్టుకొచ్చిన ఇసుక, తడిసిన తెల్ల గీతలు. రెండింటి మీదా హ్యాండిల్ నిటారుగా పట్టి, బ్రేకు పట్టకుండా, పెడల్ తిప్పకుండా దాటేయాలి. మలుపు ఉంటే బ్రేకు ముందే అయిపోవాలి. వంగి ఉన్నప్పుడు ఇసుక మీద బ్రేకు పడితే ముందు చక్రం నిలవదు. బయటి వైపు పెడల్ కిందకి, బరువు దాని మీద, చూపు మలుపు బయటికి వెళ్ళే చోట. ఇది నేల మీద బంతులు పెట్టి నేర్పవచ్చు, 6 మీటర్ల వెడల్పులో యూటర్న్ మొదలుపెట్టి మీ ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లకి తగ్గించండి.

---

నార్సింగి రైడర్ · సోమవారం, రాత్రి 7:50

చాలా థాంక్స్ అందరికీ. నేల కోసం ఒక స్కూలుతో మాట్లాడుతున్నాం. ఇప్పుడు గుంపుగా తొక్కడం గురించి. పక్కపక్కన ఇద్దరు ఇద్దరుగానా, ఒకరి వెనక ఒకరా? ఎంత దూరం? గుంపు రెండు ముక్కలు కాకుండా ఎలా?

---

వెనకచక్రం · సోమవారం, రాత్రి 9:20

ముక్కలవడం గురించి ముందు చెప్తాను, అందరూ దీన్ని దమ్ము సమస్య అనుకుంటారు. లెక్క చూడండి. 12 మంది ఒక గేటు దగ్గర ఆగారు. ఒక్కొక్కరు ముందువాళ్ళు కదిలిన ఒక సెకను తర్వాత కదులుతారు. చివరివాళ్ళు కదిలేసరికి 11 సెకన్లు. లీడర్ ఈలోగా 20 వేగం అందుకుంటే 60 మీటర్లు ముందున్నట్టు. ఆ 60 మీటర్లు పూడ్చాలంటే చివర ఉన్న బలహీనమైనవాళ్ళు 25, 26తో తొక్కాలి. ఐదుసార్లు ఆగితే ఐదుసార్లు. అలసిపోక ఏం చేస్తారు?

అందుకని లీడర్ ఆగిన ప్రతిచోటా, మలుపు ప్రతిచోటా, ఎత్తు ఎక్కిన ప్రతిచోటా 12 వేగం దాటకూడదు, చివరివాళ్ళు "వచ్చేశాం" అని కేకేసేదాకా. ఆ కేక మధ్యలో ఉన్నవాళ్ళు ముందుకి అందించాలి. మామూలు వేగం 18. కొత్తవాళ్ళలో నెమ్మదైనవాళ్ళని లీడర్ వెనకే పెట్టండి, చివర పెట్టకండి. రబ్బరు లాగినట్టు సాగేది చివరే.

దూరం. మొదటి నెల ఒక సైకిల్ పొడవు, అంటే 2 మీటర్లు. ముందు చక్రం ఎప్పుడూ ముందువాళ్ళ వెనక చక్రం పక్కకి రాకూడదు. అలా ఉన్నప్పుడు ముందువాళ్ళు గుంత తప్పించడానికి జరిగారంటే, పడేది వెనకవాళ్ళే. ముందువాళ్ళ చక్రానికి ఏమీ కాదు, వెనకవాళ్ళ హ్యాండిల్ చేతిలోంచి పోతుంది. గుంపులో పడటానికి ఇదొక ముఖ్య కారణం. చక్రాన్ని కాకుండా ముందువాళ్ళ భుజాల మీదుగా దూరం చూడటం నేర్పండి.

ట్రాక్ మీద ఒకరి వెనక ఒకరే. పక్కపక్కన తొక్కితే ఎదురొచ్చేవాళ్ళకి దారి మిగలదు.

కేకలు తెలుగులోనే, ఒక్కో మాటే: "గుంత", "కంకర", "స్లో", "ఆపు", "ఎదురు", "వెనక". చేతి సైగ వచ్చినవాళ్ళు సైగ చెయ్యాలి, చెయ్యి తీస్తే ఊగేవాళ్ళు కేక మాత్రమే. ఒక మాటని మాత్రం నిషేధించండి: రోడ్డు దాటే చోట "ఖాళీ, వచ్చేయండి". ముందువాళ్ళకి ఖాళీగా ఉన్న రోడ్డు 5 సెకన్ల తర్వాత వెనకవాళ్ళకి ఉండదు. ఎవరి కళ్ళతో వాళ్ళే చూసి దాటాలి.

---

గేరుపళ్ళు · సోమవారం, రాత్రి 10:10

కాస్త విభేదిస్తాను. 2 మీటర్ల దూరంలో నెల రోజులు ఉంచితే గాలి చాటు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. దగ్గరగా తొక్కితే వెనకవాళ్ళకి పాతిక శాతం పైనే శ్రమ తగ్గుతుంది. మూడో వారమే నేర్పితే ఆసక్తి నిలుస్తుంది.

---

వెనకచక్రం · సోమవారం, రాత్రి 10:35

18 వేగం దగ్గర ఆ లాభం తక్కువ, 28, 30 దగ్గరే బాగా తెలుస్తుంది. నేర్చుకునేవాళ్ళు 30తో, అర మీటరు దూరంలో, బ్రేకు సరిగ్గా రాకుండా తొక్కడం నాకు భయం. ఐదో వారం పెట్టండి, అదీ ఇద్దరిద్దరుగా. ముందు తెలిసినవాళ్ళు, వెనక కొత్తవాళ్ళు. ఒక చక్రం ఎత్తు అంత దూరం, 22 వేగం, ఒక్కో నిమిషం. ముందువాళ్ళు పెడల్ ఆపకూడదు. ఒక్కసారి ఆపితే వెనకవాళ్ళు బ్రేకు పట్టాల్సి వస్తుంది.

ఇంకోటి. ముందున్నవాళ్ళు అలసి పక్కకి తప్పుకోవడం, మన దేశంలో బయటి రోడ్ల మీద అయితే, కుడివైపు బండ్లలోకి వెళ్ళడమే. కుడి భుజం మీదుగా చూసి, చెయ్యి చూపించి, అప్పుడే జరగాలి. అందుకే వెనక్కి చూసే డ్రిల్ రానివాళ్ళని లైన్‌లో ముందు పెట్టకూడదు.

---

గేరుపళ్ళు · సోమవారం, రాత్రి 10:48

ముందు పెట్టకపోవడం ఒప్పుకుంటా. ఐదో వారం సరే. అయితే నాలుగో వారం గేర్లు, కాళ్ళ వేగం పెట్టండి, అది రాకపోతే లైన్ నిలవదు. 10 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి ఆరుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 14 వస్తే 84, 15 వస్తే 90. కొత్తవాళ్ళకి 9, 10 వస్తుంది, అంటే బరువు గేరులో కుస్తీ పడుతున్నట్టు. ఎత్తు వచ్చాక గేరు మార్చకూడదు, 10 మీటర్ల ముందే. ఒత్తిడి మీద మారిస్తే చైను టక్కున జారి, కింద పడిపోతుంది, వెనకవాళ్ళు వచ్చి గుద్దుకుంటారు. మార్చే క్షణం పెడల్ తేలిగ్గా తిప్పాలి. చైను పడిపోయినా కంగారుపడి ఆగకూడదు, ఎడమవైపుకి జరిగి ఆగాలి. ముందు గేరు పెద్దదానికి మార్చుతూ నెమ్మదిగా తిప్పితే చాలాసార్లు దానంతటదే ఎక్కుతుంది.

---

పల్లేరుకాయ · మంగళవారం, ఉదయం 6:40

పంచర్ పాఠం ఒక వారం పూర్తిగా పెట్టండి. గండిపేట చుట్టూ, సర్వీస్ రోడ్ల అంచుల్లో పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఎక్కువ. ఎవరికో ఒకరికి పడుతుంది, పది మంది నిలబడి చూస్తారు.

నేల మీద పాత ట్యూబులు అరడజను తీసుకెళ్ళండి, పంచర్ షాపుల్లో పారేసినవి దొరుకుతాయి. ఒక్కొక్కరి చేతా చేయించాలి. టైరు లివర్లు పెట్టే ముందు టైరు అంచుని చుట్టూ రిమ్ము మధ్య గాడిలోకి నొక్కాలి. అంచు గాడిలోకి దిగితే లివర్ పెట్టే చోట వదులు వస్తుంది. ట్యూబ్ తీశాక గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని చూడండి, నీళ్ళ బకెట్ రోడ్డు మీద దొరకదు కదా.

రంధ్రం ఎలా ఉందన్నదే కారణం చెప్తుంది. ఒక్కటే, బయటివైపు అయితే ముల్లు. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువగా ఉండి గుంత అంచుకి నొక్కుకుంది. లోపలివైపు అయితే రిమ్ము టేపు జరిగింది, స్పోక్ తల పొడుచుకుంది. కారణం తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే ఇంకో కిలోమీటరులో అదే పంచర్. టైరు లోపల వేళ్ళతో కాకుండా గుడ్డతో తుడవండి, ముల్లు ఉన్నచోట గుడ్డ తట్టుకుంటుంది.

ప్యాచ్ ఊడిపోతే చాలామటుకు సొల్యూషన్ ఆరకముందే అంటించడం వల్లే. గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి, ట్యూబ్ మీది అతుకు గీత ఉంటే అది కూడా చదును కావాలి. సొల్యూషన్ ప్యాచ్ కంటే వెడల్పుగా పూసి, వేలికి అంటని దాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. అప్పుడు ప్యాచ్ పెట్టి గట్టిగా నొక్కాలి.

చివరివాళ్ళ సంచిలో: లివర్లు 2, రెండు రకాల వాల్వులకి పనిచేసే పంపు, అలెన్ కీలు 4, 5, 6, చైను కట్టర్, 15 ఎంఎం స్పానర్, పాత టైరు ముక్క ఒకటి. టైరు కోసుకుపోతే ట్యూబ్‌కీ టైరుకీ మధ్య అది పెడితే ఇంటికి చేరొచ్చు.

---

దాహం · మంగళవారం, ఉదయం 8:30

ప్రథమ చికిత్స గురించి ఎవరూ రాయలేదు. పెట్టెలో ఉండాల్సినవి: చేతి తొడుగులు 2 జతలు, 10 సెం.మీ. గాజ్ (పుండు మీద వేసే పలచటి నూలు గుడ్డ) ముక్కలు 10, 10 సెం.మీ. క్రేప్ బ్యాండేజి 2, టేపు, పోవిడోన్ అయోడిన్, కత్తెర. రోడ్డు గీసుకున్న పుండుకి ముందు మంచినీళ్ళు ధారగా పోసి మట్టి పోగొట్టాలి, మందు తర్వాత.

తలకి దెబ్బ తగిలినవాళ్ళు "బాగానే ఉన్నా" అన్నా మళ్ళీ తొక్కనివ్వకండి. వాంతి, మగత, అడిగిందే మళ్ళీ అడగడం, చూపు రెండుగా కనిపించడం, ఏది ఉన్నా 108. దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు, లోపలి ఫోమ్ నలిగి ఉంటుంది. పట్టీలో చెవి కింద వై ఆకారం రావాలి, గడ్డం దగ్గర రెండు వేళ్ళే పట్టాలి, ముందంచు కనుబొమలకి రెండు వేళ్ళ పైన ఉండాలి. వెనక్కి తోసి పెట్టుకుంటే నుదురు ఖాళీ.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 మి.లీ.కి. సగం ప్యాకెట్ చిన్న సీసాలో వేసుకుని కొలత తప్పడం మామూలు పొరపాటు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కొక్కరు రెండు సీసాలు తేవాలి, గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఎనిమిదింటికల్లా ముగించేయండి.

కుక్క వెంటపడితే కాలు విసరొద్దు. వేగం తగ్గించి, కుదిరితే దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకోవాలి. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకి వెళ్ళాలి.

---

ఫ్లాట్‌పెడల్ · మంగళవారం, రాత్రి 8:20

మూడు చిన్న విషయాలు. పేర్లు తీసుకునేటప్పుడు అత్యవసరానికి ఇంటివాళ్ళ నంబరు అడగండి, కానీ అది గ్రూపులో పెట్టకండి. లీడర్ దగ్గర కాగితం మీద ఉంటే చాలు. ఆడవాళ్ళు చాలామంది దీనివల్లే పేరు ఇవ్వడానికి వెనకాడతారు.

చున్నీ, వదులు ప్యాంటు, షూ లేసులు చైనులో పడతాయి. వేసుకోవద్దని చెప్పడం కన్నా, రబ్బరు బ్యాండ్లు, వెల్క్రో పట్టీలు సంచిలో ఉంచితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

క్లిప్ షూలు (పెడల్‌కి బిగుసుకునేవి) కొత్తగా కొన్నవాళ్ళని ఏం చేయాలి?

---

బ్రేక్‌ప్యాడ్ · మంగళవారం, రాత్రి 8:55

మొదటి ఆరు వారాలు మామూలు పెడల్స్. నెమ్మదిగా తొక్కే డ్రిల్స్, యూటర్న్‌లు క్లిప్‌తో చేస్తే పక్కకి పడి మోచెయ్యి, మణికట్టు దెబ్బ తింటాయి. తెచ్చుకున్నవాళ్ళు గోడ పట్టుకుని ఒక్కో కాలు 50 సార్లు పెట్టి తీయాలి, పెడల్ పట్టు బిగించే టెన్షన్ స్క్రూ పూర్తిగా వదులుగా ఉంచి. ఆగేటప్పుడు ఎడమ కాలు ముందు తీయడం అలవాటు చేసుకోవాలి, మన అంచు అటే కాబట్టి. కాలు సైకిల్ ఆగాక కాదు, ఆగడానికి 10 మీటర్ల ముందే బయటికి రావాలి.

---

నార్సింగి రైడర్ · బుధవారం, రాత్రి 9:15

స్కూల్ ఆవరణ దొరికింది, రాసి ఇచ్చారు. మీరు చెప్పినవన్నీ కలిపి శుక్రవారం సాయంత్రం గ్రూపులో పెట్టబోయే సందేశం ఇది, చూడండి:

"ఈ ఆదివారం స్కిల్స్ రైడ్, మొదటి వారం. ఉదయం 5:40 స్కూల్ గేటు దగ్గర, 5:50కి మొదలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు చూడొచ్చు, తొక్కడం వచ్చే వారం. ఈ వారం విషయం: నెమ్మదిగా తొక్కడం, కుడివైపు వెనక్కి చూడటం. ట్రాక్ మీద 12 కి.మీ., వేగం 18 లోపు, ఎవరినీ వదిలి వెళ్ళం. 12 మందికే చోటు. హెల్మెట్ లేకపోతే రానివ్వలేం. నీళ్ళు రెండు సీసాలు. ఇయర్‌ఫోన్లు వద్దు. 18 లోపు వయసువాళ్ళతో పెద్దవాళ్ళు ఉండాలి. వాన పడుతుంటే 5 గంటలకి సందేశం పెడతాం, రైడ్ ఉండదు, స్కూల్ వరండాలో పంచర్ పాఠం ఉంటుంది. వేగంగా తొక్కాలనుకునేవాళ్ళు 8:15 తర్వాత విడిగా వెళ్ళొచ్చు."

రెండో వారం బ్రేకులు, మూడు మలుపులు, నాలుగు గేర్లు, ఐదు ఇద్దరిద్దరుగా దగ్గరగా తొక్కడం, ఆరు పంచర్, ఏడు గండిపేట వైపు బయటి రోడ్డు, ఎనిమిదో వారం మొదటి వారం కొలతలు మళ్ళీ తీసుకోవడం.

---

వెనకచక్రం · బుధవారం, రాత్రి 9:40

బాగుంది. రెండు మార్పులు. పంచర్ పాఠాన్ని ఏడో వారం బయటి రోడ్డుకి ముందే పెట్టారు, మంచిదే, కానీ వాన రోజు వస్తే ముందుకి జరిగిపోతుంది కాబట్టి అరడజను పాత ట్యూబులు మొదటి వారం నుంచే స్కూల్లో ఉంచండి. మొదటి వారం కొలతలు పేరుతో రాసి పెట్టుకోండి: 10 మీటర్లకి ఎన్ని సెకన్లు, వేళ్ళ లెక్క ఐదింటిలో ఎన్ని సరి, గీత ఎన్నిసార్లు దాటారు.

---

పల్లేరుకాయ · బుధవారం, రాత్రి 9:52

సందేశంలో ట్యూబ్ సైజు అడగటం మర్చిపోయారు. పేరు ఇచ్చేటప్పుడే టైరు పక్కన రాసిన అంకెలు, వాల్వు సన్నదా లావుదా, ఫోటో తీసి పంపమనండి. 26, 27.5, 29, 700 అన్నీ కలిసి వస్తే చివరివాళ్ళ సంచిలో ఏ ట్యూబులు పెట్టాలో తెలియదు. సన్న వాల్వు ట్యూబ్ లావు రంధ్రం రిమ్ములో వాషర్ పెట్టి సర్దొచ్చు. లావు వాల్వు సన్న రంధ్రంలో అసలు దూరదు.

---

నార్సింగి రైడర్ · బుధవారం, రాత్రి 10:01

చేర్చాను. "ఎవరి సైజు ట్యూబ్ ఒకటి వాళ్ళు తెచ్చుకోవాలి, రెండు ఫోటోలు శనివారం మధ్యాహ్నం లోపు పంపాలి" అని. ఫ్లోర్ పంపు, ముగ్గుపిండి రెండు కిలోలు కొన్నాం. బంతులు రేపు కోస్తాం.